ఉప్పునేల నడుమ చెరువులు

గత డిసెంబరు సెలవులలో మేము కుటుంబసమేతముగా కచ్ సీమకు పోయి వచ్చితిమి. కుటుంబమనగా మేము దంపతులము, పండ్రెండేండ్ల అమ్మాయి, ఎనిమిదేండ్ల అబ్బాయి, డెబ్బదియారేండ్ల మా తండ్రిగారు. ఎక్కడికి పోవలెనను విషయమున మొదట ఏకాభిప్రాయము కుదరలేదు. అమ్మాయి హరప్పా నాగరికతను పాఠముగా చదివియున్నది. పాత నగరము చూపుమనెను. అబ్బాయి దృష్టిలో సముద్రము లేనిది సెలవు కానేకాదు. వారి తల్లి వెన్నెలలో తెల్లగా మెరయు ఎడారి చిత్రమొకటి ఎక్కడనో చూచి మనసు పడియుండెను. ఈ మూడును ఒకే ప్రయాణమున దొరకు తావు మన దేశములో ఏదియని వెదకగా కచ్ కనబడినది. తండ్రిగారి నడుగగా, "నేనెందుకురా, మీరు పోయి రాండి" అనిరి.

వారిని ఎట్లయినను వెంటబెట్టుకొని పోవలెనని మాకుండెను. ఆయన రాయలసీమలో ఒక చెరువు క్రింద మూడెకరముల మాగాణి గల రైతు. కట్ట మరమ్మతు, తూము బాగుచేత, నీటి వంతులు, ఈ పనులన్నియు చాల కాలము చేతులమీదుగా నడిపినవారు. ఆ చెరువు నిండుగా నీరు చూచి ఏండ్లు గడచినవి. భూమి నమ్మివేసి మాతో పట్టణమున ఉండుమని మేము చెప్పుచున్నాము. ఆయన కాదనరు, ఔననరు. ఊరికి దూరముగా, తీరికగా ఉన్న సమయమున ఆ మాట మరల ఎత్తవచ్చునని మా ఆలోచన. ఈ సంగతి ముందే చెప్పుట మంచిది. ఏలయన ధోలావీరాలో మేము చూచినదానిలో చాలభాగము ఆయన అడిగిన ప్రశ్నల వలననే చూడగలిగితిమి.

కచ్ జిల్లా వైశాల్యము 45,000 చదరపు కిలోమీటర్లకు పైబడినది. దేశములోని జిల్లాలలో ఇదియే పెద్దది. 2022లో విభజింపబడుటకు పూర్వము మన అనంతపురము జిల్లా వైశాల్యము సుమారు 19,000 చదరపు కిలోమీటర్లు; అట్టివి రెండు ఇందులో ఇమిడి, ఇంకను చోటు మిగులును. ఇంత నేలయున్నను మనుష్యులు కాపురముండుటకు తగినది కొంతయే. దక్షిణమున కచ్ సింధుశాఖ, పడమట అరేబియా సముద్రము. ఉత్తరమునను తూర్పునను ఉన్నది పూర్తిగా సముద్రము కాదు, పూర్తిగా నేలయు కాదు, అది రణ్. కావున కచ్‌ను ద్వీపమనుటలో తప్పు లేదు. సంస్కృతమున "కచ్ఛము" అనగా నీటి యంచున నున్న పల్లపు నేల. "కచ్ఛపము", అనగా తాబేలు, ఆకారమును బట్టి ఈ పేరు వచ్చినదని చెప్పువారును కలరు. పటమును తలక్రిందుగా పట్టుకొని చూచినచో మా అబ్బాయికి తాబేలు కనబడినది, మాకు కనబడలేదు.

"రణ్" అను మాటకు యుద్ధముతో సంబంధము లేదు. ఇది సంస్కృతపు "ఇరిణము"నకు వికారము. ఇరిణమనగా చవిటినేల, మన నిఘంటువులలోను ఈ పదము కలదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు భాషలో వ్రాయబడిన "పెరిప్లస్" అను నౌకాయాన గ్రంథమున ఈ ప్రాంతమే "ఎయిరినోన్" అను పేర వర్ణింపబడినది. రెండువేల యేండ్ల క్రిందట విదేశపు నావికుడొకడు ఇక్కడి జనుల నోట విన్న మాటను తన యాసలో వ్రాసికొన్నాడన్నమాట. మాటలను నమ్ముకొని బ్రదుకు వృత్తిలో ఉన్నవారము కనుక ఇట్టివి కనబడినప్పుడు మాకు ముందుకు సాగుట కష్టము. ఇంటివారు మాత్రము సాగిరి.

హైదరాబాదు నుండి అహమ్మదాబాదునకు, అచటినుండి భుజ్‌నకు రైలు. భుజ్‌లో బాడుగ కారు కుదుర్చుకొని, తెల్లవారకముందే ఉత్తరముగా బయలుదేరితిమి. పూర్వము ధోలావీరాకు పోవలెనన్న భచావు, రాపర్ పట్టణముల మీదుగా చాల చుట్టు తిరిగి పోవలసియుండెడిది. ఇప్పుడు ఖావడా గ్రామము నుండి రణ్ మధ్యగా సూటిగా రోడ్డు వేసినారు. ఆ రోడ్డుమీద సుమారు 30 కిలోమీటర్లు ఇరుప్రక్కల ఉప్పు తప్ప మరేమియు లేదు. చెట్టు లేదు, గుట్ట లేదు, పక్షి కూడ అరుదు. ప్రొద్దుపొడుపు వేళ ఆ తెలుపు మొదట నీలముగా, పిదప గులాబి రంగుగా మారి, ఎండ యెక్కిన కొలది కన్నులు తెరువరాని కాంతిగా నిలిచినది. నల్ల అద్దములు లేక ఈ దారిని పోరాదు. తండ్రిగారు కండువాను కనుబొమలపైకి లాగుకొని, "ఇంత బీడు నేనెప్పుడూ చూడలేదు" అని మాత్రమనిరి.

ఆ తెలుపు మధ్య ఒక మెట్టనేల పైకి లేచియున్నది. అది ఖదీర్ ద్వీపము. దాని వాయవ్యపు కొనన ధోలావీరా గ్రామము, గ్రామము ప్రక్కన "కోటడా" అని జనులు పిలుచు దిబ్బ. ఈ దిబ్బ ప్రాచీన నగరమని 1967-68 ప్రాంతమున పురాతత్త్వ శాఖకు చెందిన జగత్పతి జోషి గుర్తించినారు. 1989-90 నుండి 2005 వరకు ఆర్. ఎస్. బిష్ట్ ఆధ్వర్యమున త్రవ్వకములు జరిగినవి. 2021 జూలైలో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేర్చినది. మన పాలంపేట రామప్ప దేవాలయము ఆ జాబితాకెక్కినది జూలై 25న. ధోలావీరా జూలై 27న. ఒకే సభలో, రెండు దినముల ఎడముతో!

హరప్పా, మొహెంజొదారో నగరములు ముఖ్యముగా ఇటుక కట్టడములు. ధోలావీరా రాతి నగరము. సమీపమునే రాతి గనులుండుట వలన కోటగోడలకును, స్తంభములకును, కాలువలకును రాయి వాడినారు. బయటి ప్రాకారము పొడవు సుమారు 771 మీటర్లు, వెడల్పు సుమారు 617 మీటర్లు. దానిలోపల ఎత్తున కోట, కోటనంటి మరియొక ఆవరణము, తరువాత మధ్యనగరము, దిగువ నగరము, విశాలమైన సభాస్థలము. క్రీ.పూ. 3000 ప్రాంతము నుండి క్రీ.పూ. 1500 వరకు, మధ్య కొంత విరామముతో, ఇచట జనులు నివసించినారు. పూసలు, శంఖపు పనులు, రాగి వస్తువులు చేసి దూరదేశములకు పంపినారు. ఇదంతయు అమ్మాయి తన పుస్తకమున నున్నదే అని నిర్లక్ష్యముగా చెప్పుచు ముందు నడచినది.

మాకు దారి చూపినవాడు ఆ యూరి మనిషి. అతడు మమ్ము నేరుగా కోట తూర్పుననున్న జలాశయము అంచుకు తీసికొనిపోయెను. అక్కడ మేమందరము ఒక్కసారిగా ఆగిపోయితిమి. పొడవు సుమారు 73 మీటర్లు, వెడల్పు 29 మీటర్లు, లోతు పది మీటర్లకు మించినది. మూలనుండి అడుగువరకు సుమారు ముప్పది మెట్లు. మొహెంజొదారోలో పేరుగాంచిన మహాస్నానవాటిక పొడవు 12 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు మాత్రమే అని తలచుకొన్నచో దీని పరిమాణము తెలియును. ఇట్టివి చిన్నవి పెద్దవి కలిసి పదునారింటికి తక్కువ కాకుండ ఈ నగరమున ఉండెడివి. కొన్నిటిని దక్షిణపు ప్రక్కన కటిక రాతిలో తొలిచినారు.

తండ్రిగారు చేతికర్రపై ఆనుకొని చాలసేపు క్రిందికి చూచిరి. పిమ్మట, "దీనికి మరవ యాడుందో అడుగురా" అనిరి.

పట్టణపు పాఠకులకొరకు చెప్పవలసియున్నది. చెరువు నిండిన తరువాత మిగులు నీరు కట్టను తెంపకుండ బయటికి పోవుటకు ఉంచిన దారిని సీమలో మరవ అందురు. కొన్ని చోట్ల అలుగు, కలుజు అనుటయు కలదు. మరవ లేని చెరువు ఒక్క పెద్దవానకు పోవును. మేమా ప్రశ్నను హిందీలో అడుగగా దారిచూపరి నవ్వి, చేయి పట్టుకొని తండ్రిగారిని రెండు జలాశయముల మధ్యనున్న కట్టమీదికి నడిపించెను. రహస్యమంతయు అక్కడ ఉన్నది.

ఈ నగరమునకు ఉత్తరమున మాన్‌సర్, దక్షిణమున మన్‌హర్ అను రెండు వాగులు కలవు. అవి ఏడాదిలో కొన్ని దినములే పారును. కచ్‌లో సగటు వర్షపాతము 400 మిల్లీమీటర్ల లోపే. చుక్క పడని సంవత్సరములు లేకపోలేదు. కరవు సీమయని మనము చెప్పుకొను అనంతపురమునకే 550 మిల్లీమీటర్లు! జీవనది లేదు. చుట్టునున్నది ఉప్పునేల. అట్టిచోట నగరము నిర్మింపదలచినవారు వాగులకు అడ్డకట్టలు వేసి, ఆ నీటిని ప్రాకారము లోనికి మళ్ళించినారు. నగరపు నేల తూర్పునుండి పడమరకు సుమారు 13 మీటర్లు వాలియున్నది. ఆ వాలు వెంబడి జలాశయములను వరుసగా, మెట్లు మెట్లుగా, అమర్చినారు. వాటి మధ్య వెడల్పైన కట్టలు; ఆ కట్టలే నడచుటకు బాటలు. పైదానిలో నిండిన నీరు క్రిందిదానిలోనికి దిగును. అనగా ఒకదాని మరవయే మరియొకదానికి పోషక కాలువ.

"గొలుసు చెరువులు" అనిరి తండ్రిగారు, ఎంతో కాలమునకు తెలిసినవారిని కలసినట్లు. మన దేశమున కాకతీయులు, విజయనగర ప్రభువులు కట్టించిన గొలుసుకట్టు చెరువులను ఎరిగినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనమున చెరువునకు కావలసిన లక్షణములును, ఉండగూడని దోషములును వరుసగా చెక్కియున్నవి. కాని ధోలావీరా చెరువులు ఆ శాసనమునకు మూడువేల యేండ్లకు పైగా ముందునాటివి.

వాగుల నీరు మాత్రమే కాదు. కోటమీద పడిన వాన చినుకునుగూడ వారు పోనీయలేదు. అక్కడ భూమిలోపల రాతితో కట్టిన వర్షపు కాలువలున్నవి. కొన్ని మనిషి నడచిపోదగినంత ఎత్తు గలవి. గాలి పోవుటకు పైన రంధ్రములును ఉంచినారు. మురుగునీటిని వీటితో కలియనీయలేదు. కోటలోనే ఒక పెద్ద బావి కలదు. దాని ఒడ్డున అమర్చిన రాతిపలకమీద మోకు రాపిడికి పడిన గాడులు నేటికిని స్పష్టముగా ఉన్నవి. అబ్బాయి వాటిలో వ్రేలు పెట్టి చూడబోగా కాపలాదారు వారించెను. మా తండ్రిగారు తమ బాల్యమున కపిల తోలిన బావిగట్టునను ఇట్టి గాడులే ఉండెడివని వానికి చెప్పి, మోకు ఎట్లు రాతిని కోయునో చేతులతో చూపించిరి. అక్కడ మేము వివరింపవలసినది మరేమియు మిగులలేదు.

మరియొక ప్రశ్నకు మాత్రము దారిచూపరికి జవాబు తోచలేదు. "పూడిక ఎట్ల తీస్తాండిరి?" కొంతసేపు తామే ఆలోచించి, "మెట్లు అడుగుదాంకా ఉండాయి గదా. తట్టలు మోసుంటారు" అనిరి తండ్రిగారు. ఆ మెట్లు నీరు తగ్గిన కొలది దిగి ముంచుకొనుటకేనని మేము చెప్పితిమి. "అది సరే. పూడిక తీయకుంటే ముంచుకోను నీళ్లేడివి?" అనిరి. ఇది పురాతత్త్వ శాస్త్రము అంగీకరించునో లేదో మేము చెప్పజాలము. కాని చెరువుతో జీవించినవారి ప్రశ్న ఎట్లుండునో తెలిసినది.

ఉత్తరద్వారము దగ్గర దొరకిన వ్రాతఫలకము సంగతి చెప్పక పోరాదు. జిప్సము ముక్కలతో కూర్చిన పది గుర్తులు, ఒక్కొక్కటి సుమారు 37 సెంటీమీటర్ల ఎత్తు. అవి పొదిగిన కొయ్యపలక శిథిలమై పోగా గుర్తులు పడినచోటనే పడియుండినవి. ఇంత పెద్ద గుర్తులు దూరమునుండి వచ్చువారు చూచుటకే అయియుండవలెను. ఆ లిపిని నేటివరకు ఎవరును చదువలేకపోయిరి. ప్రకటనలు చదువుటయే నిత్యకృత్యముగా గల మాకు ఆ ద్వారము దగ్గర కొంచెము చిన్నతనముగా తోచినది.

ఇంత నేర్పు గల నగరము ఎట్లు పాడుపడినది? ఒక్క కారణము చెప్పుట న్యాయము కాదు. సుమారు 4,200 యేండ్ల క్రిందట ఋతుపవనములు బలహీనపడి, వాయవ్య భారతమున వానలు తగ్గినవని వాతావరణ చరిత్రను పరిశోధించినవారు చెప్పుచున్నారు. వాగులు పారుట మానినచో వాగులకు వేసిన కట్టలు ఏమి చేయగలవు? పడవలు రాదగిన సముద్రపు పాయ క్రమముగా పూడి వెనుకకు జరిగినదనియు, మెసొపొటేమియాతో వర్తకము సన్నగిల్లినదనియు మరికొన్ని కారణములు చెప్పుదురు. నగరము ఒక్క దినమున కూలలేదు. మొదట మరమ్మతులు తగ్గినవి, ఊరు చిన్నదైనది, కొంతకాలము నిర్జనమైనది. తిరిగి వచ్చినవారు పాత రాళ్లు ఏరుకొని సామాన్యమైన ఇండ్లు కట్టుకొన్నారు. చివరగా ఇచట ఉన్నవారు గుండ్రని గుడిసెలలో నివసించినట్లు పునాదులు చెప్పుచున్నవి.

ఆ వలయాకారపు పునాదుల దగ్గర తండ్రిగారు కర్రను నేలకు పొడిచి నిలిచిరి. "అంత పట్నం కట్టినోళ్లు ఇంతకొచ్చినారు" అనిరి. మేము ఎత్తదలచిన మాట నోటిదాక వచ్చినది. నీరు పోయిన తరువాత ఊరు పట్టుకొని ఉండుట వ్యర్థమని చెప్పుటకు ఇంతకన్న తగిన చోటు దొరకునా? అంతలో ఆయనయే, "అయినా శానా దినాలు ఉండిరి గదా ఈడనే" అని ముందుకు కదలిరి. మేము ఊరకుంటిమి.

గుండ్రని యిల్లు అనగా హీనమైనదని భావింపరాదు. రణ్‌కు దక్షిణపు అంచుననున్న బన్నీ పచ్చికబయళ్లలో నేటికిని "భూంగా" అను గుండ్రని మట్టియిండ్లు కలవు. 2001 జనవరి 26 నాటి భూకంపమున కచ్‌లో గట్టి భవనములు అనేకము నేలకూలినను ఈ భూంగాలు చాలవరకు నిలిచినవి. గోడకు మూలలు లేకపోవుటయు, కప్పు తేలికగా ఉండుటయు దీనికి కారణములు. మేమొక రాత్రి అట్టి యింట బస చేసితిమి. లోపలి గోడలకు మట్టితో పూలతీగలు దిద్ది, నడుమ చిన్న అద్దపు బిళ్లలు పొదిగియున్నారు. దీపము పెట్టగనే గది అంతయు నక్షత్రములు మెరసినవి.

ఆ రాత్రియే ధోర్డో గ్రామమునకు ఆవల రణ్‌లోనికి నడచితిమి. ఇది సరిహద్దు ప్రాంతము కనుక ముందుగా అనుమతి పత్రము తీసికొనవలెను. గుర్తింపు కాగితములు మరచినవారు వెనుకకు పోవలసినదే. శుక్లపక్షపు వెన్నెల ఉండెను. కాలిక్రింద ఉప్పు పెళపెళమనినది. నేలయంతయు ఆరు మూలల, అయిదు మూలల పెచ్చులుగా చీలి, చీలికల యంచుల ఉప్పు పొంగియున్నది.

పెద్ద రణ్ సుమారు 18,000 చదరపు కిలోమీటర్లు. ఇది ఒకప్పుడు సముద్రపు పాయ. సింధునది, లూనీ మొదలగు నదులు తెచ్చిన ఒండ్రు నిండుటచేతను, భూమి కదలికలచేతను లోతు తగ్గిపోయినది. నేటికిని ఇది సముద్రమును పూర్తిగా మరువలేదు. వర్షకాలమున నైరృతి గాలులు కోరీ క్రీకు వైపునుండి ఉప్పునీటిని లోనికి నెట్టును; అదే సమయమున ఎగువనుండి వానవరద దిగును. రెండును కలిసి వందల కిలోమీటర్ల మేర లోతులేని సరస్సు ఏర్పడును. అప్పుడు వేలకొలది రాజహంసల వంటి ఫ్లెమింగో పక్షులు వచ్చి, బురదతో గూళ్లు కట్టి, పిల్లలను చేసికొనును. వానలు వెనుదిరిగిన పిమ్మట ఎండకు నీరు ఆవిరియై, ఉప్పు మిగులును. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు యాత్రికులు చూచు తెల్లని ఎడారి ఇదియే. ఒకేచోట ఆరుమాసములు సముద్రము, ఆరుమాసములు ఎడారి.

తండ్రిగారు చిటికెడు పెచ్చు నోట వేసికొని ఉమిసిరి. "మన పల్లపు మళ్లలో తెల్లగా పూసే చవుడు ఇదే గదా. నీళ్లు కదలకుంటే ఉప్పు పైకొస్తుంది" అనిరి. సరిగా అంతే. బయటికి దారిలేని నీరు ఎండిన ప్రతిసారి తనలోని లవణమును నేలకు వదలును. కాలువ నీరు విచ్చలవిడిగా పెట్టి మురుగుకాలువ త్రవ్వని పొలము కొన్నాళ్లకు చిన్న రణ్ అగును.

వృత్తిధర్మముగా మేము ధ్వనిముద్రణ యంత్రమును వెంట తీసికొనిపోయియుంటిమి. రణ్ ధ్వనిని శ్రోతలకు వినిపింపవలెనని అందరిని దూరముగా పంపి, పదినిమిషములు యంత్రమును నడిపితిమి. తరువాత విని చూడగా ఏమియు లేదు. గాలికూడ ఆ రాత్రి లేదు. రేడియోలో పదినిమిషముల నిశ్శబ్దమును ప్రసారము చేయువానికి మరునాడు ఉద్యోగముండదు. కాని నిజముగా రణ్‌లో వినదగినది అదియే.

ఈ ఉత్తరపు అంచునకు సంబంధించిన కథయొకటి తండ్రిగారిని ఎక్కువగా ఆకర్షించినది. 1819 జూన్ 16న వచ్చిన భూకంపమున, ఇప్పటి సరిహద్దు దగ్గర రణ్‌లోని సింద్రీ కోట చుట్టునున్న నేల క్రుంగి సముద్రజలముతో నిండిపోయినది. దానికి ఉత్తరమున 80 కిలోమీటర్లకు పైగా నేల గట్టువలె పైకి లేచినది. కొన్నిచోట్ల ఆరు మీటర్ల యెత్తు. సింధునది తూర్పుపాయకు అడ్డముగా లేచిన ఆ గట్టును మనుష్యులు కట్టలేదు కనుక జనులు "అల్లాబంద్" అని, అనగా దేవుడు వేసిన కట్టయని, పిలిచినారు. భూగర్భశాస్త్రవేత్త చార్లెస్ లయల్ తన గ్రంథమున దీనిని విపులముగా వర్ణించినాడు. అంతకు పూర్వమే, పదునెనిమిదవ శతాబ్దమున, సింధు పాలకులు ఎగువన కట్టలు వేయుటచే కచ్ పడమటి యంచున వరిపొలములు ఎండినవి. దేవుని కట్ట ఆ పనిని పూర్తిచేసినది. సామాన్య యాత్రికులు అక్కడికి పోవుటకు వీలులేదు. మేము కాలాడుంగర్ కొండపైనుండి ఉత్తరముగా చూచి ఊహించుకొంటిమి. 462 మీటర్ల ఆ కొండయే కచ్‌లో ఎత్తైనది. పైన దత్తాత్రేయస్వామి ఆలయము. ప్రసాదమును నక్కలకు పెట్టుట అక్కడి ఆచారము. 1826లో సింధునదికి గొప్ప వరద వచ్చి అల్లాబంద్‌ను కోసికొని దిగువకు పారినదని మేము చెప్పగా, తండ్రిగారు మొదటిసారి బిగ్గరగా నవ్విరి. "దేవుని కట్టకే గండి పడిందా!" అని అబ్బాయి వీపు తట్టిరి.

భుజ్‌నకు తిరిగి వచ్చి, 2022లో తెరచిన స్మృతివనమును చూచితిమి. 2001 భూకంపమున పదమూడు వేలకు పైగా జనులు మరణించినారు. వారి స్మృతికై భుజియా కొండమీద వనము పెంచినారు. కొండవాలున వాననీటిని ఆపుటకు చిన్న చిన్న కట్టలు కట్టి, ఆ గోడల వెంబడి మృతుల పేర్లు వ్రాయించినారు. స్తంభములో విగ్రహములో నిలుపవచ్చును. ఈ సీమవారు చనిపోయినవారి పేర నీరు నిలిపినారు. అక్కడ మాలో ఎవరును ఎక్కువగా మాటలాడలేదు.

మాండవి భుజ్‌నకు దక్షిణముగా సుమారు 60 కిలోమీటర్లు. దారిలో పచ్చని తోటలు, ఖర్జూరపు చెట్లు కనబడినవి. కొన్ని యేండ్ల నుండి నర్మదా జలము ఈ సీమకు వచ్చుచున్నది. 357 కిలోమీటర్ల కచ్ శాఖా కాలువలో చివరి భాగమును 2022 ఆగస్టులో ప్రారంభించినారు. అది మాండవి తాలూకా వరకు వచ్చును. ధోలావీరావారు ఇంటిముందరి వాగును పట్టుకొన్నారు. నేటివారు ఎక్కడి నదినో తెచ్చుకొన్నారు. ఏది మేలని అమ్మాయి అడిగినది. ఆ కాలువ ఎగువన నర్మదలో నీరున్నంతవరకు రెండును మేలే అని చెప్పి తప్పించుకొంటిమి.

అబ్బాయి నిరీక్షించిన సముద్రము వచ్చినది. విశాలమైన ఇసుక తీరము, శాంతమైన అలలు, ఒంటెల సవారి. ఉప్పు కారము తీపి కలిపి రొట్టెలో పెట్టి ఇచ్చు దాబేలీ ఇక్కడనే పుట్టినదట; పిల్లలు రెండుపూటల అదియే తినిరి. ఇరువదవ శతాబ్దపు మొదటిభాగమున కచ్ ప్రభువులు కట్టుకొన్న విజయవిలాస భవనమును చూచితిమి గాని, దానిని గూర్చి వ్రాయవలసినంత లేదు.

మాండవి గొప్పతనము రుక్మావతీ నది ఒడ్డున ఉన్నది. అక్కడ బహిరంగముగా, ఏ కప్పు లేకుండ, నేటికిని కొయ్యఓడలు కట్టుచున్నారు. "వహాణ్" అని వాటి పేరు. రెండు మూడంతస్తుల మేడ యెత్తున ఓడ యొకటి పక్కటెముకలతో నిలిచియుండగా, దాని లోపల మనుష్యులు చీమలవలె కనబడిరి. కాగితముమీద పటము లేదు. మేస్త్రీ కొలతయంతయు కన్నులలోనే. ఒక్క ఓడ పూర్తియగుటకు రెండేండ్లు పట్టవచ్చును. పలకల సందులలో దూదిత్రాళ్లను ఉలితో, కొయ్యసుత్తితో దిగగొట్టుచున్నారు. ఇరువురు ముగ్గురు ఒకే లయలో కొట్టుచుండగా ఆ ధ్వని ఖాళీ ఓడ కడుపులో మద్దెలవలె మ్రోగినది. రణ్‌లో ఊరకున్న మా యంత్రమునకు ఇక్కడ పని దొరకినది. మన గోదావరి ముఖమున కోరంగి రేవులోను ఒకప్పుడు ఇట్లే ఓడలు కట్టెడివారు. 1839 తుపాను ఆ రేవును నాశనము చేసినది. తాళ్లరేవు ప్రాంతపు వడ్రంగులు ఆ విద్యను నేటి తరమువరకు నిలుపుకొనుచు వచ్చిరి.

నది ముఖము ఒండ్రుతో పూడియున్నది. ఇంత పెద్ద ఓడ సముద్రమునకు ఎట్లు పోవునని అడుగగా, అమావాస్య పున్నముల పెద్దపోటు కొరకు వేచియుందుమని చెప్పిరి. కచ్ సింధుశాఖలో ఆటుపోట్ల తేడా మీటర్లకొలది ఉండును. పోటు వచ్చిన గడియలో ఓడను లేపి, లాగి, బయటికి పంపవలెను; తప్పినచో మరల పక్షము దినములు ఆగవలెను.

సాయంకాలము పిల్లలు ఇసుకలో ఆడుకొనుచుండిరి. అలలకు అడ్డముగా కట్ట పోసి, దానికొక మూల మరవ తీసియుండుట చూచితిమి. ఎవరి బోధయో అడుగనక్కరలేదు. తండ్రిగారు కండువా పరచుకొని కూర్చుండి, నదివైపు సుత్తుల చప్పుడు వినుచుండిరి. మాట ఎత్తుటకు ఇదియే సమయమనుకొని మేము ప్రక్కన కూర్చుంటిమి. ఆయనయే ముందుగా నోరు విప్పిరి.

"సంకురాత్రి పోయినాక చెరువులో పనేమీ ఉండదు. ఎండిపోయుంటుంది. పూడిక తీయను అదే అదను. తూము కాడ ముందు తీస్తే సాలు. పదిమందిని కూడేయాల. నువ్వు రెండు దినాలు సెలవు పెట్టి రా."

ఎన్ని దినములు కావలెనని మేము అడిగితిమి. నాలుగు దినములయితే ఇంకను మంచిదనిరి. అబ్బాయి తడిసిన బట్టలతో పరుగెత్తుకొని వచ్చి, కట్టకు గండి పడినది, తాతను వెంటనే రమ్మనెను. ఆయన మా భుజము పట్టుకొని లేచిరి.